కూలీ లెక్క మన దగ్గర కూడా ఉండాలె – సరిహద్దు పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ మహారాష్ట్ర దిక్కు నుంచే వచ్చినయ్. సిరోంచ, షోలాపూర్, బిలోలి, బల్లార్షా. ఒకరు మిర్చి ఏరేటోళ్ళు, ఒకరు బీడీలు చుట్టేటోళ్ళు, ఒకరు సెంట్రింగ్ పని. పనులు వేరే వేరే గానీ అన్ని ఉత్తరాల్లో ఒక మాట కామన్‌గా ఉంది, "లెక్క వాళ్ళ దగ్గరే ఉంటది అక్కా, మాకు తెల్వదు" అని. అందుకే అన్నీ ఒక్కచోటనే పెడుతున్న. మొదటి ఉత్తరానికి ఎక్కువ జాగా తీసుకున్న, అది అంత ముఖ్యం అనిపించింది.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది సిరోంచ తాలూకాల ప్రాణహిత ఒడ్డు ఊరు. ఫిబ్రవరిల మేం 22 మందిమి, అండ్ల 15 మందిమి ఆడోళ్ళమే, మిర్చి ఏరనీకి నది దాటి తెలంగాణకు పోయినం. మేస్త్రి మా ఊరోడే, నాకు వరసకు బావ అయితడు. ఇంటికి 5 వేలు అడ్వాన్స్ ఇచ్చిండు. కిలోకు ఇంత అని మాట్లాడుకొని 41 రోజులు చేసినం. రోజూ పొద్దుగూకే యాళ్ళకు తూకం పెట్టి ఆయన బుక్కుల రాసుకునేటోడు, మాకు చూపెట్టేటోడు కాదు. ఆఖరికి లెక్క చూస్తే తరుగు అని, తాలు కాయ అని, బియ్యం పైసలని, ట్రాలీ కిరాయి అని అన్నీ కోసుకుంట పోయిండు. మనిషికి ఆరేడు వేలు తక్కువ వచ్చినయ్. రైతును అడిగితే మేస్త్రికి మొత్తం ఇచ్చిన అంటడు, మేస్త్రిని అడిగితే రైతు ఇంకా ఇయ్యలే అంటడు. వచ్చి రెండు నెలలు దాటింది. ఇప్పుడు అడిగితే ఫాయిదా ఉంటదా? మా దగ్గర ఒక్క కాగితం లేదు. ఇంకోటి, బావ మీద కేసు పెడితే ఊర్ల ముఖం ఎట్ల చూపెట్టాలె?

జవాబు: చెల్లె, అడగొచ్చు. గడువు ఎక్కడికీ పోలే. పాత కనీస వేతనాల చట్టం, 1948ది, దాని కింద అయితే 6 నెలల లోపల దరఖాస్తు పెట్టుకోవాల్సి ఉండె. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాల జాగల వచ్చిన కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చినయ్ గదా, అండ్ల వేతనాల కోడ్ ప్రకారం 3 ఏండ్ల దాకా టైమ్ ఉంది. ఆ కోడ్‌ల మీద నాకు చాలా ఫిర్యాదులు ఉన్నయ్, కూలీల సంఘాలు ఊరికే రోడ్డు మీదికి రాలే, కానీ ఈ ఒక్క ముక్క మాత్రం మీ అసొంటోళ్ళకు పనికొస్తది కాబట్టి వాడుకోండి. ఇంకో సంగతి ఏందంటే 22 మంది 22 దరఖాస్తులు పెట్టాల్సిన పని లేదు, అందరి తరఫున ఒక్కటే పెట్టొచ్చు, మీకు ఏదన్నా యూనియన్ తోడుంటే ఆ యూనియనే మీ తరఫున పెట్టొచ్చు. బాకీ కూలీ కాకుండా పైన పరిహారం కూడా వేసే అధికారం ఆ ఆఫీసర్‌కు ఉంటది, అసలు బాకీకి 10 రెట్ల వరకు.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలె అంటే పని చేసిన చోట. అంటే సిరోంచల కాదు, మీరు మిర్చి ఏరిన జిల్లాల లేబర్ ఆఫీసుల. ఇక్కడనే చాలామంది ఆగిపోతరు, మళ్ళీ నది దాటి ఎవలు తిరుగుతరు, ఒక్క రోజు పోతే ఒక్క రోజు కూలీ పాయె అని. నిజమే. అందుకే ఉచిత న్యాయ సహాయం అడగండి. 1987 చట్టం ప్రకారం ఆడోళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆమ్దానీ ఎంతున్నా సరే వకీలును సర్కారే పైసల్లేకుండా ఇయ్యాలె. 15100 కు ఫోన్ చేస్తే ఏ జిల్లాల ఎవరిని కలవాలో చెప్తరు. 22 మందిల ఇద్దరు తిరిగితే మిగిలినోళ్ళు ఆ ఇద్దరి రోజు కూలీ, బస్సు కిరాయి తలా ఇంత వేసుకోవాలె, ఇది ముందే మాట్లాడుకోండి, లేకపోతే రెండో వాయిదాకే ఆ ఇద్దరు కూడా అలిసిపోతరు.

ఇగ కాగితం లేదు అన్నవు. చెల్లె, కాగితం లేదు అని ఎవలు చెప్పిండ్రు? మేస్త్రి బుక్కు ఒక్కటే కాగితం అనుకుంటున్నవు నువ్వు. ఇయ్యాల రాత్రే 22 మంది ఒక్కచోట కూసోండి, ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనండి. ఏ తారీఖు నాడు ఏ బండి ఎక్కినం, ఎవలెవలం ఎక్కినం, చేను ఏ ఊరి శివారుల ఉంది, కల్లం ఎక్కడ పెట్టిండ్రు, గుడిసెలు ఏడ వేసుకున్నం, నడుమ ఎవలకు జరమొచ్చి ఏ డాక్టర్ దగ్గరికి పోయిండ్రు, ఆ చీటీ ఉందా, ఇంటికి ఫోన్‌పేల పైసలు ఎన్నడు కొట్టిండ్రు, కల్లం కాడ దిగిన ఫోటోలు ఎవలి ఫోన్ల ఉన్నయ్, అమ్మకు పంపిన వాయిస్ మెసేజ్‌ల "ఇయ్యాల ఇన్ని కిలోలు ఏరినం" అని ఎవలన్నా చెప్పిండ్రా. ఇవన్నీ సాక్ష్యాలే. ఒకరికి యాదిలేనిది ఇంకొకరికి యాదుంటది. కింద అందరి సంతకం, వేలిముద్ర.

ఇది నేను పుస్తకాలు చదివి చెప్తలేను. నాకు పదేండ్లప్పుడు మా ఇంటోళ్ళు ఇటుకబట్టీల పనికి పోయేటోళ్ళు, వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. మా అమ్మకు చదువు రాదు. ఆమె రోజూ పొద్దుమీకి, ముఠా అంతా కలిపి ఎన్ని వేలు కోసిందో అన్ని చింతగింజలు ఒక రేకు డబ్బాల వేసేది. మొదటి ఏడు సీజన్ అయిపోయినంక లెక్కకాడ మా అమ్మ డబ్బా ముందర పెడితే మున్షి నవ్విండు, చింతగింజలు గూడ లెక్క చెప్తయా అని. అందరి ముందట నవ్విండు. మా అమ్మ ఆ డబ్బా పట్టుకొని ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలే. రెండో ఏడు ఏం చేసిందంటే మా చిన్నమ్మకు ఒక డబ్బా ఇచ్చింది, పక్క గుడిసె అవ్వకు ఒకటి ఇచ్చింది. ముగ్గురు వేరే వేరే వేసిండ్రు, ఒకరి డబ్బా ఒకరు చూసుకోలే. లెక్క రోజు మూడు డబ్బాలు మున్షి ముందట బోర్లిస్తే మూడిట్ల ఒక్కటే లెక్క వచ్చింది, మున్షి బుక్కుల మాత్రం తక్కువ ఉంది. ఆ ఏడు గూడ మొత్తం ఇయ్యలే, తేడాల సగమే ఇచ్చిండు. కానీ మూడో ఏడు నుంచి ప్రతి సాయంత్రం ఇయ్యాల ఇన్ని వేలు అని పెద్దగ అరిచి చెప్పి రాసుకునుడు మొదలువెట్టిండు. తర్వాత నేను ముప్పై ఏండ్లు యూనియన్ల పని చేసిన, ఎన్నో ధర్నాలు చూసిన, కానీ సంఘం అంటే నా కండ్ల ముందట కనవడేది ఆ మూడు రేకు డబ్బాలే.

బావ సంగతికి వస్తా. నువ్వు రాసిన ముక్కల్లో నాకు ఎక్కువ బాధ అనిపించింది అదే, ఎందుకంటే మేస్త్రిలు ఎప్పుడూ మనోళ్ళే అయి ఉంటరు, బయటోడైతే మనం పోము. ముందుగాల కేసు కాదు, నోట్‌బుక్ పూర్తయినంక ఊరి పెద్దమనుషుల ముందట, గ్రామసభల, ఆ బావను పిలిచి ఆయన బుక్కు తెమ్మనండి. రెండూ పక్కపక్క పెట్టండి. ఆయనకు కూడా రైతు బాకీ ఉంటే అక్కడ బయటపడతది, అప్పుడు ఆయన్ను గూడ మీ దిక్కు సాక్షిగా తెచ్చుకోవచ్చు. బుక్కు తేను అంటే మాత్రం ఇగ మొహమాటం పెట్టుకోకండి, ముఖం చూపెట్టలేనిది మీరు కాదు. రైతు సంగతి గూడ ఒక మాట చెప్పాలె, ఆ రైతు చాలాసార్లు కౌలురైతే అయి ఉంటడు, మిర్చి రేటు పడిపోతే ఆయన గూడ అప్పులనే ఉంటడు. అయినా సరే పని చేయించుకున్నోడు మేస్త్రికి ఇచ్చిన అని చేతులు దులుపుకునుడు కుదరది, కూలీ చేతికి ముట్టిందా లేదా అన్నది ఆయన గూడ చూసుకోవాలె.

వచ్చే సీజన్‌కు పోతరు, పోకుండ ఉండరని నాకు తెలుసు, సిరోంచల ఆ రెండు నెలలు వేరే పని ఏముంది. పోయే ముందు రేటు, తరుగు ఎంత, తిండి ఎవరిది, కిరాయి ఎవరిది, ఇవి నాలుగు ముక్కలు కాగితం మీద రాసి మేస్త్రి సంతకంతోటి అందరూ ఫోన్ల ఫోటో కొట్టుకోండి. కూలీ కింద పైసల బదులు మిర్చే ఇస్తం అంటే పచ్చి మీద తూకమా, ఎండినంక తూకమా అది గూడ అండ్లనే రాయాలె, అక్కడనే పెద్ద మోసం. ముఠాల పదో తరగతి చదివిన పిల్ల ఒక్కతన్నా ఉంటది, తూకం కాడ ఆమె నిలవడి రాసుకోవాలె, ఆమెకు ఆ అరగంటకు ఏరుడు తక్కువైతదని మిగిలినోళ్ళు గొణగొద్దు. పోయేటోళ్ళ పేర్లు గ్రామపంచాయతీల రాయించి పోండి. 1979 అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం 5 మంది ఉంటే వర్తించేది, ఇప్పటి కోడ్‌ల అది 10 మంది అయింది, కాబట్టి ఇద్దరు ముగ్గురు విడివిడిగా పోవుడు కన్నా గుంపుగ పోవుడే నయం.

ఇంకొకటి, మీకు జరగలే గానీ చదివేటోళ్ళకు పనికొస్తది. అడ్వాన్స్ తీరేదాక ఇక్కడ నుంచి కదలొద్దు అని ఎవలన్నా ఆపితే అది వెట్టిచాకిరీ. 1976 చట్టం ప్రకారం ఆ అప్పే రద్దయితది, కలెక్టర్‌కు, తహసీల్దార్‌కు ఫిర్యాదు చేయాలె. కనీస కూలీ కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునుడు గూడ బలవంతపు చాకిరీ కిందికే వస్తదని సుప్రీంకోర్టు 1982లనే చెప్పింది, ఢిల్లీల ఏషియన్ గేమ్స్ కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసుల. ఆ కూలీలు గూడ మీ లెక్కనే జమాదార్ల వెంట వేరే రాష్ట్రాల నుంచి పోయినోళ్ళే.

ప్రశ్న: మాది షోలాపూర్. తాతల కాలంల మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చినం, ఇంట్ల ఇప్పటికీ తెలుగే. అమ్మ 28 ఏండ్ల నుంచి బీడీలు చుడుతది, నడుము పోయింది, దగ్గు. రోజూ ఇన్ని బీడీలు చాట్ (పనికిరానివి) అని తీసేస్తరు. పీఎఫ్ కట్ అయితున్నదో లేదో మాకు తెల్వదు. యూనియన్ల పేరు రాయిస్తా అంటే టేకేదార్ (కాంట్రాక్టర్) పని బంద్ చేస్తా అంటున్నడు. నిజం చెప్పండి మేడం, యూనియన్‌తోటి మా అసొంటోళ్ళకు ఏమన్నా అయితదా?

జవాబు: తమ్మీ, నువ్వు షోలాపూర్ల ఉండి నన్ను ఈ ప్రశ్న అడుగుతున్నవ్ అంటే మీ ఊరి కథ మీకే ఎవలు చెప్పలేదన్నట్టు. కుంభారి దిక్కు ఒకసారి పోయి చూసి రా. అక్కడ గోదుతాయి పరులేకర్ పేరు మీద బీడీ కార్మికులకు 10,000 ఇండ్లు ఉన్నయ్, 2006ల ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలు ఇచ్చిండు. తర్వాత అదే కుంభారిల రేనగర్ అని 30,000 ఇండ్ల స్కీమ్, అండ్ల మొదటి 15,000 ఇండ్లు 2024 జనవరి 19న ప్రధాని మోదీ చేతుల మీదుగ ఇచ్చిండ్రు. చూడు, ఇద్దరు ప్రధానులు, రెండు వేరే వేరే పార్టీలు. ఈ రెండు స్కీమ్‌ల వెనక ఉండి కొట్లాడింది మాత్రం ఎర్రజెండా యూనియనే, నర్సయ్య ఆడం, మీరందరు ఆడం మాస్టర్ అని పిలిచే ఆయన, మూడుసార్లు ఎమ్మెల్యే అయిన తెలుగు మనిషి. నీకు ఆయన పార్టీ నచ్చాల్సిన పని లేదు. కానీ రోజుకు వెయ్యి బీడీలు చుట్టే ఆడోళ్ళు తలా కొంచెం పైసలు జమచేసుకుంట, ఫారాలు నింపుకుంట, మోర్చాలు తీసుకుంట ఏండ్లకేండ్లు నిలవడితే ఇండ్లు వచ్చినయ్. ఒక్కొక్క ఇంటికి వాళ్ళు గూడ తమ వాటా పైసలు కట్టుకున్నరు, ఎవలూ ఊరికే ఇయ్యలే.

పీఎఫ్ సంగతి. బీడీ పరిశ్రమకు పీఎఫ్ 1977ల వచ్చింది. ఇంటి దగ్గర చుట్టేటోళ్ళు మా కార్మికులు కాదు అని కంపెనీలు కోర్టుకు పోయినయ్, సుప్రీంకోర్టు 1985ల ఇంట్ల చుట్టేటోళ్ళకు గూడ పీఎఫ్ ఇయ్యాల్సిందే అన్నది. అంతకుముందు 1966 బీడీ చట్టమే ఇంటి కాడ చుట్టేటోళ్ళను కార్మికులు అన్నది. కాబట్టి టేకేదార్ నుంచి ఆకు, జర్దా తెచ్చుకొని ఇంట్ల చుడుతున్న మీ అమ్మ ఆ కంపెనీ కార్మికురాలే, ఆమె టేకేదార్ దయ మీద బతుకుతలేదు. 10 ఏండ్ల సర్వీస్ ఉంటే 58 ఏండ్లకు పెన్షన్ వస్తది, కనీసం వెయ్యి రూపాయలు అని 2014 నుంచి ఉంది. వెయ్యి ఏం సరిపోతది, మందులకే సరిపోదు, అది పెంచాలని కొట్లాట నడుస్తనే ఉంది. కానీ ఆ వెయ్యి గూడ చాలామందికి రాకపోయేది దేనికంటే ఆధార్ల పేరు ఒకతీరు, కంపెనీ రిజిస్టర్ల ఇంకొక తీరు. పెండ్లికి ముందు ఇంటిపేరు, పెండ్లయినంక ఇంటిపేరు, మరాఠీల రాసినప్పుడు ఇంకో అక్షరం. ముందుగాల అమ్మ యూఏఎన్ నంబర్, అంటే పీఎఫ్ నంబర్, అడిగి పాస్‌బుక్ తీపియ్యి, పేరు, పుట్టిన తారీఖు ఆధార్‌తోటి కలుస్తదా చూడు. 28 ఏండ్లల ఎన్ని ఏండ్లు కట్టిండ్రో అప్పుడే బయటపడతది.

చాట్ గురించి ఒక పని చెప్తా. ఇచ్చిన ఆకు ఎంత, చుట్టినవి ఎన్ని, తీసేసినవి ఎన్ని, మూడు లైన్లు గీసి రోజూ రాయి, నువ్వు చదువుకున్నోడివి గదా. మీ గల్లీల పది ఇండ్లల్ల పది మంది పిల్లలు రాస్తే నెలకు తెలుస్తది, చేతి పనిల తప్పా లేకపోతే ఆకే పాడైంది ఇస్తున్నరా అని. అందరి ఇంట్ల ఒకే వారం చాట్ పెరిగితే అది ఆకు తప్పు, మీ అమ్మ వేళ్ళది కాదు. ఈ కాగితం పట్టుకొని యూనియన్ ఆఫీసుకు పో, ఉత్త చేతులతో పోతే వాళ్ళు గూడ ఏం చేస్తరు. పని బంద్ చేస్తా అన్న బెదిరింపు ఒక్కతే పోతే నిజమైతది, గల్లీ గల్లీ పోతే కంపెనీకి బీడీలు చుట్టేది ఎవలు?

దగ్గు సంగతి వదిలెయ్యకు, ఎన్ని వారాల నుంచి ఉందో రాయలేదు నువ్వు. రెండు వారాలు దాటితే సర్కారు దవాఖానల గల్ల (కఫం) పరీక్ష చేయించు, పైసల్లేకుండ చేస్తరు.

ప్రశ్న: మా గ్రామసభ తునికాకు సొంతంగ అమ్ముడు పెట్టుకొని కొన్నేండ్లు అయింది. పోయినేడు ఠేకేదార్ ఆఖరి కిస్తు ఎగ్గొట్టిండు. ఊర్ల కొందరు ఇగ మనతోటి కాదు, మళ్ళీ ఫారెస్టోళ్ళకే అప్పజెప్పుదాం అంటున్నరు. మీరేమంటరు? (గడ్చిరోలి జిల్లా)

జవాబు: వద్దు. నా మాట అడిగిండ్రు కాబట్టి గట్టిగనే చెప్తున్న, వద్దు. ఒక ఠేకేదార్ మోసం చేసిండని అడవి మీద హక్కు వాపస్ ఇస్తరా? మీ జిల్లాల ధనోరా దిక్కు మేంఢా-లేఖా ఉంది గదా, ఆ చిన్న ఊరు "ఢిల్లీ ముంబైల మన సర్కార్, మా ఊర్ల మేమే సర్కార్" అని నిలవడింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009ల దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు సంపాదించింది. హక్కు పట్టా చేతికొచ్చినంక గూడ వెదురు బయటికి తీసుకుపోనీయలే ఫారెస్టోళ్ళు, వెదురు చెట్టు కిందికి వస్తదా గడ్డి కిందికి వస్తదా అని కొట్లాట పెట్టిండ్రు, ఆఖరికి 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ ఆ ఊరికొచ్చి రవాణా పాస్‌బుక్ గ్రామసభ చేతుల పెట్టిండ్రు. తునికాకు, వెదురు, ఇప్పపువ్వు మీద మీ హక్కు వాళ్ళ ఆ పట్టుదల నుంచే గట్టిపడ్డది, ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు హక్కులిచ్చే 1996 పెసా చట్టం కాగితం మీద అప్పటికే ఉన్నా.

కానీ మీ కష్టం గూడ నిజం. ఒక్క ఊరు ఒక్క ఠేకేదార్‌తోటి మాట్లాడితే వాడు రేటు తగ్గిస్తడు, ఎగ్గొడతడు. కోర్చి తాలూకాల గ్రామసభలు కలిసి మహాగ్రామసభ పెట్టుకున్నయ్, మీ చుట్టుపక్కల పది ఊర్లు కలిసి ఒక్కటే లిలావ్ (వేలం) పెట్టండి. డిపాజిట్ ముందే తీసుకోండి, కిస్తు కట్టనిది గోదాం నుంచి బస్తా కదలొద్దు, ఇది కరార్‌నామాల (ఒప్పంద పత్రంల) మొదటి లైన్‌లనే ఉండాలె. కల్లం కాడ ఎవలు ఎన్ని కట్టలు ఇచ్చిండ్రో కార్డు మీద గూడ, గ్రామసభ రిజిస్టర్ల గూడ, రెండుచోట్ల రాయండి. పోయినేడు కరార్, కిస్తుల రసీదులు ఉన్నయా మీ దగ్గర? ఉంటే గ్రామసభ తీర్మానం చేసి లీగల్ నోటీసు పంపండి, ఆ ఠేకేదార్ పేరు పక్క తాలూకాల గ్రామసభలకు గూడ చెప్పండి. వాడు వచ్చే ఏప్రిల్ల వేరే ఊరికి పోయి అదే పని చేస్తడు గదా. ఈ కూలీ పైసలు మే నెలల చేతికొస్తేనే జూన్ల విత్తనాలు కొంటరు, అది ఆలస్యమైతే మళ్ళీ మిర్చికి అడ్వాన్స్ తీసుకునుడే, మొదటి ఉత్తరం రాసిన చెల్లె లెక్క.

ప్రశ్న: నాందేడ్ జిల్లా బిలోలి తాలూకా. హైదరాబాద్ అడ్డా మీద సెంట్రింగ్ పని. నాకు బాంధ్‌కామ్ కామ్‌గార్ (కట్టడం కూలీల) కార్డు అయితదా? ఎక్కడ చేయించుకోవాలె?

జవాబు: అయితది. 18 నుంచి 60 ఏండ్ల నడుమ ఉండి, పోయిన 12 నెలల్ల 90 రోజులు కట్టడం పని చేసి ఉంటే చాలు, 1996 చట్టంల ఉన్న రూలే ఇప్పటి కోడ్‌ల గూడ ఉంది. ఈ కార్డు ఇచ్చే బోర్డులు రాష్ట్రానికొకటి. నువ్వు ఎక్కువ రోజులు పని చేసేది హైదరాబాద్‌ల అయితే తెలంగాణల, ఊరి దగ్గర పని చేసేది ఎక్కువైతే నాందేడ్‌ల గ్రామసేవక్ దగ్గర 90 రోజుల సర్టిఫికెట్ అడిగి మహారాష్ట్రల. రెండు చోట్ల చేయించకు, రేపు పిల్లల స్కాలర్‌షిప్ టైమ్‌కు అదే అడ్డం పడతది. రెన్యువల్ మర్చిపోకు, సగం మంది అక్కడనే పోగొట్టుకుంటరు. ఏజెంట్‌కు వేలకు వేలు ఇయ్యకు. ఈ-శ్రమ్ వేరే, అది అసంఘటిత కూలీలందరి పేర్లు రాసే కేంద్రం కార్డు, 16 నుంచి 59 ఏండ్లోళ్ళకు, 2021 ఆగస్టు నుంచి నడుస్తున్నది, 14434 కు ఫోన్ చేసి అడగొచ్చు. రేషన్ మీ కార్డు మీదనే హైదరాబాద్‌ల గూడ తీసుకోవచ్చు, ఒకే దేశం ఒకే కార్డు కింద, సంచి పట్టుకొని బిలోలికి పోవాల్సిన పని లేదు. అడ్డా మీద రోజూ మీతోటి నిలవడేటోళ్ళు ఎందరు? ఆ నలభై యాభై మంది ఫోన్ నంబర్లు ఒక్కచోట ఉన్నయా? స్లాబ్ మీద నుంచి ఎవలన్నా పడితే ఇంటోళ్ళకు చెప్పనీకి గూడ నంబర్ దొరకని అడ్డాలు నేను చూసిన.

ప్రశ్న: బల్లార్షా నుంచి రాస్తున్న. పది మందిమి గ్రూపు కట్టి మైక్రో ఫైనాన్స్ లోన్ తీసుకున్నం. ఒకామె ఊరిడిచి పోయింది. ఆమె కిస్తు గూడ మా తొమ్మిది మంది కట్టాలె అని రాత్రి ఎనిమిదింటికి ఇంటి ముందట కూసుంటున్నరు, వాడకట్టంతా చూస్తున్నది. మా ఆయన సెక్యూరిటీ గార్డు, జీతం రెండు నెలలకోసారి ఇస్తరు. ఏం చేయాలె?

జవాబు: ముందు ఒక్కటి తెలుసుకో చెల్లె, రాత్రి ఎనిమిదింటికి వాళ్ళు రావొద్దు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంక్ రూల్స్‌ల రికవరీ ఏజెంట్లు పొద్దున 9 కన్నా ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ గూడ చేయొద్దని ఉంది. బెదిరించుడు, చుట్టాలకు, పక్కింటోళ్ళకు చెప్పి ఇజ్జత్ తీసుడు, ఇవన్నీ తప్పే. ఇంటి మొత్తం ఆమ్దానీల అన్ని లోన్ల కిస్తులు కలిపి సగం దాటకుండ చూసుకునే బాధ్యత గూడ లోన్ ఇచ్చినోళ్ళదే. మీ ఇంటికి వాళ్ళు ఆమ్దానీ ఎంత అని రాసుకున్నరో ఆ కాగితం కాపీ అడుగు, చాలాసార్లు అండ్ల లేని ఆమ్దానీ రాసి ఉంటది. ముందు కంపెనీకే రాతపూర్వకంగ ఫిర్యాదు చేయి, 30 రోజుల్ల జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ ఓంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులు వినే అధికారికి, పెట్టొచ్చు, 14448 నంబర్ల ఎట్ల చేయాలో చెప్తరు.

పోయినామె మీద కోపం రావుడు సహజం. కానీ ఆమె ఎందుకు పోయింది, ఎన్ని లోన్లు ఉండె, ఎవలన్నా అడిగిండ్రా? ఆ గ్రూపు కంపెనీ కట్టింది, ఒకరికి ఒకరు జమానతు ఉండనీకి మాత్రమే కట్టింది. వారం వారం కూసుంటరు గానీ కిస్తు లెక్క తప్ప ఇంకో మాట మాట్లాడనీయరు. అదే తొమ్మిది మంది కంపెనీ మనిషి లేకుండ ఒక్కసారి కూసోండి. తొమ్మిది లోన్ కార్డులు తెచ్చుకోండి, ఎవలు ఎంత తీసుకున్నరు, ఇప్పటికి ఎంత కట్టిండ్రు, వడ్డీ ఎంత పడ్డది, ఇన్సూరెన్స్ పేరు మీద ఎంత కోసిండ్రు, పక్కపక్క రాయండి. తొమ్మిది మంది సంతకాలతోటి ఒక్కటే ఫిర్యాదు పోవాలె. మీ ఆయన జీతం సంగతి వేరే ఉత్తరమంత ఉంది, నెల దాటినంక ఏడో తారీఖు లోపల జీతం వెయ్యాలని వేతనాల కోడ్‌లనే ఉంది, ఆయనతోటి పని చేసే గార్డులు ఎందరో, డ్యూటీ రిజిస్టర్ల సంతకం పెట్టించుకుంటున్నరో లేదో రాసి పంపు, వచ్చే నెల ముందుగాల దాని జవాబే రాస్తా.